నేను దిగని సముద్రం

ఆ రోజు నేను ఒడ్డున కూర్చుని మూడు టవళ్ళకూ రెండు జతల చెప్పులకూ కాపలా కాశాను. సెలవులు ఎలా గడిచాయని ఆఫీసులో అడిగితే మొదట్లో ఈ మాటే చెప్పి నవ్వించేదాన్ని. ఇప్పుడు ఎవరూ అడగరు. అడగకపోయినా నాకే చెప్పుకోవాలనిపిస్తోంది. ఆ టవళ్ళ పక్కన కూర్చున్న గంటన్నర నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు. చేసేటప్పుడు మాత్రం నేనొక్కదాన్నే సరిగ్గా ఉన్నాను, మిగతా వాళ్ళకే బుద్ధి లేదు అనుకున్నాను.

మేము కోవెంట్రీలో ఉంటున్నాం. మేము అంటే ఇప్పుడు నేనూ నా కూతురూ. అప్పుడు మా బావ కూడా ఉన్నాడు. మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు బావే, పెళ్ళయ్యాకా బావే, పిలుపు మార్చుకునే కష్టం నాకు రాలేదు. ఇద్దరిదీ కడప జిల్లా. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, అంటే ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇంటికొచ్చినాక కూడా డ్యూటీ దిగవు కదా మే నువ్వు, అనేవాడు బావ. నాకు కోపం ఎక్కువ. ఆయనకు అసలు లేదు. ఇద్దరికీ సరిపోయేంత దీని దగ్గరే ఉంది అని మా అత్త అందరి ముందూ చెప్పేది.

ఆ సెలవులకు ముందు చలికాలంలో బావకు పెద్దపేగులో గడ్డ ఉందని తేలింది. కడుపు నొప్పి అని మా పేట డాక్టరు, జీపీ, దగ్గరికి మూడుసార్లు పోయాక పెద్దాసుపత్రికి రాశారు. ఆపరేషన్ అయింది, ఆ తర్వాత ఆరు నెలలు కీమో. జుట్టు పెద్దగా ఊడలేదు కానీ చేతివేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. నేను పెడతానంటే ఒప్పుకునేవాడు కాదు, తలుపు వేసుకుని పెట్టుకునేవాడు. ఫ్రిజ్‌లోంచి పాల డబ్బా తీస్తే వేళ్ళకు సూదులు గుచ్చినట్టు ఉందనేవాడు. ఇవన్నీ మెల్లగా తగ్గుతాయని నర్సు చెప్పింది. కొన్ని తగ్గాయి. వేళ్ళు మాత్రం తగ్గలేదు.

ఆ అక్టోబరులో అమ్మాయికి హాఫ్ టర్మ్ సెలవులు. దానికి అప్పుడు పదిహేనేళ్ళు. బావ నాతో ఒక్క మాట చెప్పకుండా ఈజిప్టులో, ఎర్ర సముద్రం ఒడ్డున ఒక హోటల్లో, వారం రోజుల ప్యాకేజీ బుక్ చేశాడు. చెప్పకపోవడం ఒక కోపం. రెండో కోపం ఏమిటంటే, కీమో అయ్యాక తీసే స్కాన్ అంతకు ముందు వారమే అయింది, దాని ఫలితం చెప్పే అపాయింట్‌మెంట్ మేము తిరిగొచ్చిన తర్వాతి గురువారం. ఆ ఫలితం ఏమిటో తెలుసుకుని పోదాం, మనసు తేలికగా ఉంటుంది అని రెండు రోజులు గొడవ పెట్టాను.

"తెలిసినాక పోతే అది రిజల్టు ట్రిప్పు అయితాది మే. ఇప్పుడు పోతే ఉత్త ట్రిప్పు," అన్నాడు.

సూట్‌కేసు దించి సర్దడం మొదలుపెట్టాను. ఆయన మందులు, థర్మామీటరు, కందిపొడి, ఊరగాయ, చిన్న రైస్ కుక్కరు, అన్నీ పెట్టాను. ఎడారికి పోతూ గొడుగు కూడా పెట్టానని ఇద్దరూ నవ్వారు.

ఆయనకు ఆ సముద్రం మీద ఎందుకంత మనసు పడిందో చెప్పాలి. మేము పెరిగిన చోట నీళ్ళంటే కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి కొట్లాడి తెచ్చుకునేవి. ఇంజనీరింగ్‌లో చేరినాక గానీ బావ సముద్రం చూడలేదు. నలభై దాటాక కోవెంట్రీలో కౌన్సిల్ వాళ్ళ స్విమ్మింగ్ పూల్‌లో, చిన్నపిల్లల పక్క లేన్‌లో, సిగ్గుపడకుండా ఈత నేర్చుకున్నాడు. నేర్చుకుని తాను ఊరుకోలేదు, ఆదివారం ఆడవాళ్ళ క్లాసుకు నన్నూ తోలాడు. నేను తిట్టుకుంటూ పోయి, తిట్టుకుంటూనే నేర్చుకున్నాను. కీమో ఎక్కించే రోజుల్లో ఆ పెద్ద కుర్చీలో పడుకుని ఫోన్లో పగడాల మధ్య తిరిగే చేపల వీడియోలు చూసేవాడు. ఒక ఇయర్‌ఫోను తన చెవిలో, ఒకటి నా చెవిలో. ఇది అయిపోతానే మనిద్దరం పోయి, ముఖాలు నీళ్ళల్లో పెట్టి, ఇవన్నీ చూడాల అనేవాడు. ప్రతిసారీ మనిద్దరం అనే అన్నాడు. నాకు బాగా గుర్తుంది.

తాళి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా పెళ్ళిరోజు అత్త నన్ను దగ్గరికి తీసుకుని, మెడలో ఇది ఉన్నంత కాలం మా వానికి ఏం గాదు, దీన్ని ఎప్పుడూ తీయాకు అని చెవిలో చెప్పింది. నేను చదువుకున్నదాన్ని, ఇట్లాంటివి నమ్మను అని అందరికీ చెప్పేదాన్ని. కానీ తీసింది ఎప్పుడూ లేదు. ఈత క్లాసులో కూడా స్విమ్‌సూట్ లోపలికి తోసి, భుజం పట్టీకి పిన్నీసుతో గుచ్చుకునేదాన్ని. నా ఈత బ్యాగులో ఒక పిన్నీసు ఎప్పుడూ ఉండేది.

ఒక్కసారే తీశాను. అమ్మాయి పుట్టినప్పుడు. మర్నాడు పొద్దున ఆపరేషన్ అనగా, ఒంటిమీద బంగారం ఉండకూడదన్నారు. నేను తీయనన్నాను. ఆసుపత్రి మంచం మీద పడుకుని నర్సుతో వాదించాను. బావ ఊరికి ఫోన్ చేస్తే అత్త దారి చెప్పింది. తీయాల్సి వస్తే ఉత్త మెడ పెట్టుకోకూడదు, పసుపు దారం కట్టి, అప్పుడు గొలుసు తీయాలి. పసుపు కొమ్ము ఉంటే మేలు, లేకపోతే దారానికి పసుపు రాసినా చాలు. బావ ఇంటికి పరుగెత్తి, వంటింట్లో పసుపు నీళ్ళల్లో దారం తడిపి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వచ్చాడు. నర్సు ఏదో ప్రార్థన అనుకుని పక్కకు జరిగి నిలబడింది. మూడు ముళ్ళు వేసి, గొలుసు తీసి, తన జేబులో పెట్టుకున్నాడు. రెండోసారి పెళ్ళి చేసుకున్నాను, కట్నం లేకుండా, అని ఏళ్ళ తరబడి చెప్పి నవ్వేవాడు.

గడ్డ అని తెలిసిన రోజు నుంచి నా చదువు ఏమైందో తెలియదు. స్నానం చేసేటప్పుడు కూడా తాళిని చేత్తో పట్టుకునేదాన్ని. ఆయన కోసమని శనివారాలు మాంసం మానేశాను.

సెలవుల చివరి రోజు శనివారమే వచ్చింది. పొద్దున ఎడారి లోయలో నడక, మధ్యాహ్నం పగడాల దగ్గర ఈత, రెండూ ఒకే రోజులో అని హోటల్లో కాగితం అతికించి ఉంటే బావ దాన్ని మొదటి రోజే ఫోటో తీసి పెట్టుకున్నాడు. తెల్లవారుజామున జీపు వచ్చింది. మా ముగ్గురితో పాటు డెబ్బై దాటిన ఇంగ్లీషు దంపతులు, నడిపించడానికి ఆ ఊరి గైడు ఒకాయన. రెండు గంటలు ప్రయాణం. జీపు కుదుపులకు ఆయన కుట్లు ఏమవుతాయోనని నేను దారంతా ఆయన పొట్టవైపే చూస్తూ కూర్చున్నాను.

లోయలోకి దిగాక మాత్రం నేనూ ఆయన పొట్ట సంగతి మరిచిపోయి తల ఎత్తి చూశాను. రెండు పక్కలా రాతిగోడలు, వాటి మీద ఎరుపు, పసుపు, ఊదా చారలు, ఎవరో చేత్తో గీసినట్టు. కొన్నిచోట్ల దారి ఎంత ఇరుకంటే రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. మన గండికోటకు తమ్ముడు, కానీ నీళ్ళు మాత్రం అన్నే పంచుకున్నాడు అన్నాడు బావ. అమ్మాయి ముందు పరుగెడుతోంది. ఒక ఇరుకు దగ్గర ఆయన ఆగి, గోడను వేళ్ళతో రుద్ది చూశాడు.

"గరుగ్గా ఉందా మే? నాకేం తెలవడంలే. నువ్వు పట్టుకోని చెప్పు."

నేను పట్టుకుని చూశాను. అత్తావాళ్ళ ఇంట్లో కొత్తగా గంట్లు కొట్టించిన రుబ్బురోలు మాదిరి ఉంది అని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, ఆఁ, ఇప్పుడు తెలిసింది అన్నాడు. తర్వాత దారంతా అదే పని. ఇక్కడ ఎట్లుంది, ఇక్కడ ఎట్లుంది అని అడగడం, నేను ముట్టుకుని చెప్పడం. ఇసుక లాగా రాలుతోంది, నున్నగా ఉంది, ఎండకు కాలుతోంది. ఒకచోట బండరాళ్ళ మధ్య ఒక కంతలోంచి కిందికి జారాల్సి వచ్చింది. అమ్మాయి జారింది, ముసలాయన జారాడు, బావ జారి పిర్రల మీద పడి పకపకా నవ్వాడు. కుట్లు పట్టుకుని నవ్వు అని నేను పైనుంచి అరిచాను. ఆ రోజు నేను ఆయనతో సంతోషంగా ఉన్నది లోయలో నడిచిన ఆ రెండు గంటలే.

మధ్యాహ్నానికి సముద్రం దగ్గరికి చేరాం. ఒడ్డున గుడారం, నేలమీద కంబళ్ళు, మధ్యలో పెద్ద పళ్ళెంలో పచ్చటి అన్నం, దానిమీదే కోడి ముక్కలు. శనివారం కాబట్టి నేను ఆ అన్నం ముట్టలేదు, రొట్టె, కీర ముక్కలు తిన్నాను. ఈ అన్నంలో పసుపు బాగా వేసినారు, మన పులిహోర మాదిరి ఉంది అని బావ రెండోసారి పెట్టించుకున్నాడు. ఆయన అంత తినడం చూసి ఏడాదయింది. నాకు కళ్ళు నిండాయి కానీ, కారం ఎక్కువైతే రాత్రికి నువ్వే పడతావు అని మాత్రమే అన్నాను.

తిన్నాక కాసేపు ఆగి, గైడు అందరికీ కళ్ళకు అద్దాలు, ఊపిరికి గొట్టాలు, తేలడానికి నారింజ రంగు జాకెట్లు పంచాడు. పగడాలను ముట్టుకోవద్దు, నిలబడవద్దు, చేపలు ఎర అనుకుంటాయి కాబట్టి మెరిసేవి ఏమీ ఒంటిమీద ఉంచుకోవద్దు అన్నాడు. ముసలావిడ వాచీ, ఉంగరాలు తీసి భర్త బూటులో పడేసింది, అంత సులువుగా. గైడు నా మెడవైపు చూశాడు. లోపలికి తోసి పిన్నీసు పెట్టుకుంటానని చెప్పాను. కుదరదన్నాడు. జాకెట్టు పట్టీకి తగులుకుంటే గొలుసు తెగుతుంది, పగడాల అంచు దాటితే సముద్రానికి అడుగు కనబడదు, అక్కడ పడిందంటే ఇక మరిచిపోవాల్సిందే అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. తీయడమే తప్పనుకుంటే, పోగొట్టుకోవడం ఇంకా ఘోరం. అదీ గురువారం ఇంకా రాకముందే.

నేను దిగను, మీరు పోండి అన్నాను. తీసి బ్యాగులో పెట్టొచ్చు కదా, ఒక్క గంటే కదా అని అమ్మాయి ఇంగ్లీషులో గొణిగింది. అది తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. నీకేం తెలుసు, నోరు మూసుకో అన్నాను. బావ వెనక్కి తిరిగి గుడారంలోకి పోయాడు. అలిగాడేమో అనుకున్నాను. ఆయనకు అలగడం రాదని నాకు తెలుసు, అయినా అనుకున్నాను.

కొద్దిసేపటికి వచ్చాడు. ఆయన ఎండటోపీకి గడ్డం కింద బిగించుకునే తెల్లని నూలు దారం ఒకటి ఉండేది. దాన్ని పీకి తెచ్చాడు. అది తెల్లగా లేదు, పచ్చగా ఉంది. తన పళ్ళెంలో మిగిలిన అన్నంతో దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా రుద్దాడు. వేళ్ళు పచ్చగా ఉన్నాయి. దారానికి ఒక మెతుకు కూడా అంటుకుని ఉంది.

"ఇట్ల తిరుగు మే. మూడు ముళ్ళు వేస్తా. నీళ్ళల్లోంచి వచ్చినాక మళ్ళా గొలుసు వేసుకుందువు," అన్నాడు.

మామూలుగా నా కోపం అరుపు. అరిచి, గంటలో మరిచిపోయే రకం. ఆ రోజు అరవలేదు. చాలా నెమ్మదిగా అన్నాను.

"ఎంగిలి కూటి పసుపుతో తాళి కడతావా? అదీ కోడి కలిసిన కూటితో, శనివారం పూట? నీ పానం నీకు ఆటగా ఉందేమో బావా. నాకు లేదు."

చేయి కూడా విదిలించాను. దారం ఇసుకలో పడింది. ముసలావిడకు తెలుగు రాకపోయినా ఏదో అర్థమై ముఖం అటు తిప్పుకుంది. ఆయన వంగి దారం తీసుకున్నాడు. మొద్దు వేళ్ళతో ఇసుకలోంచి దారం తీయడానికి ఆయనకు మూడుసార్లు పట్టింది. నేను నిలబడి చూస్తున్నాను, వంగి తీసివ్వలేదు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, చొక్కా విప్పి, మడిచి నా ఒళ్ళో పెట్టాడు.

"సరేలే మే. నువ్వు దిగుంటే బాగుండు అనుకున్నా. అంతే," అన్నాడు.

ఇద్దరూ దిగారు. నేను టవళ్ళ పక్కన కూర్చున్నాను. నీళ్ళ మీద నారింజ జాకెట్లు, గొట్టాలు తప్ప మనుషులు తెలియడం లేదు. ముసలి దంపతులు మాత్రం చెయ్యీ చెయ్యీ పట్టుకుని తేలుతున్నారు కాబట్టి గుర్తుపట్టగలిగాను. ఆయన నీళ్ళల్లో ఉన్నంతసేపూ నేను గొలుసును గుప్పిట్లోంచి వదల్లేదు. ఆయనను తేల్చి ఉంచుతున్నది నేనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఎండ మాడుస్తున్నా గుడారంలోకి పోలేదు. గొడుగు వేసుకున్నాను.

బయటికి వచ్చేసరికి ఆయన వణుకుతున్నాడు, పెదవులు నీలంగా ఉన్నాయి. అమ్మాయి మోచేయి పట్టుకుని నడిపిస్తోంది. టవలు కప్పేలోపే మొదలుపెట్టాడు. నీలం చేపకు పసుపు తోక ఉంది, ఒక చేప పగడాన్ని కొరికి తింటుంటే ఆ చప్పుడు నీళ్ళల్లో వినపడింది, మురుకులు నమిలినట్టు. నేను తల తుడుస్తున్నాను, ఆయన చెబుతూనే ఉన్నాడు.

"ఉన్నట్టుండి కింద ఏమీ లేకుండా పోయింది మే. అంతా నీలం. భయమేసి నీ చెయ్యి కోసం చూసినా, పక్కన ఉన్నావనుకోని."

"చెవులు తుడుచుకో ముందు. జలుబు చేస్తాది," అన్నాను.

ఇప్పటికీ ఆ జవాబు నాకు వినిపిస్తుంటుంది. మనిషి అన్నమాటకు మనిషి ఇచ్చే జవాబేనా అది? దారిలో జీపులో ఇంకా ఏదో చెప్పబోతే, ఇంటికి పోయాక తీరిగ్గా చెబుదువులే అన్నాను. అమ్మాయి భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. నా భుజం ఖాళీగానే ఉంది.

ఆదివారం ఇల్లు చేరాం. సోమవారం ఆయన చొక్కాతో సహా తెల్లబట్టలన్నీ ఒక లోడు వేశాను. జేబులు చూడలేదు. తప్పులు వెతకడం ఉద్యోగంగా ఉన్నదాన్ని, జేబులు చూడలేదు. తీసి చూస్తే అమ్మాయి స్కూలు చొక్కాలు రెండు, ఆయన బనియన్లు, దిండు గలీబు అంతా పసుపు మరకలు. పసుపు మరక పోవాలంటే ఎండలో వేయాలి. ఇంగ్లండులో అక్టోబరు చివర ఎండ ఎక్కడిది? ఆయన మీద ఎంత అరిచానో చెప్పలేను. ఆయన సోఫాలో కూర్చుని, నేనే కదా, నేనే, అని ఒప్పుకుంటూ నవ్వాడు. దారం మెషీన్ అడుగున చుట్టుకుని ఉంది. విప్పి చూస్తే ఒక కొసన ఒక ముడి, దాని పక్కన ఇంకొకటి సగం వేసి వదిలేసింది. నా దగ్గరికి తెచ్చే ముందు, తన వేళ్ళతో ముడి పడుతుందో లేదోనని గుడారంలో వేసి చూసుకున్నాడన్నమాట. అది నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు నాకు కనబడింది పాడైన చొక్కాలు. దారాన్ని బిన్‌లో వేశాను. మర్నాడు కౌన్సిల్ బండి వచ్చి తీసుకుపోయింది.

గురువారం పోయాం. కాలేయంలో మళ్ళీ వచ్చిందని చెప్పారు. ఈసారి ఆపరేషన్ మాట ఎత్తలేదు. బావే డాక్టరుకు థాంక్స్ చెప్పి లేచాడు. కార్ పార్కులో మాత్రం, చూసినావా మే, ఉత్త ట్రిప్పు అయిపోయింది, మంచిదైంది అన్నాడు.

ఏడు నెలలు ఉన్నాడు. వచ్చే ఏడు మళ్ళీ పోదాం, ఈసారి పసుపు కొమ్ములు కిలో తీసుకుపోదాం అని క్రిస్మస్ దాకా అనేవాడు. ఆ తర్వాత అనడం మానేశాడు. మే నెల చివర ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం, నిద్రపోతున్నాడనుకుని నేను ఆఫీసు మెయిళ్ళు చూసుకుంటుంటే, కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఆ టోపీ దారం ఉందా మే?"

"ఉంది. వార్డ్‌రోబ్‌లో పెట్టినా," అన్నాను.

"ఇంటికి పోయినాక కడతా. వేళ్ళు కొంచెం నయం ఇప్పుడు."

వేళ్ళు నయం కాలేదు. అప్పటికి ఆయన స్పూను కూడా పట్టుకోలేకపోతున్నాడు. సరే కడుదువులే అన్నాను. ఎంగిలి అనలేదు, శనివారం అనలేదు. నిజంగా ఆ దారం నా దగ్గర ఉండుంటే, ఏ కూటిది అయినా సరే, అక్కడే మెడ వంచేదాన్ని. లేదు. నేనే పారేశాను. తొమ్మిది రోజుల తర్వాత పోయాడు.

అన్నీ అయ్యాక, ఊరి నుంచి అత్త ఫోన్ చేసింది. వీసా రాక కొడుకు కడసారి చూపుకు కూడా నోచుకోని మనిషి. తాళి ఎప్పుడు తీయాలో, ఎవరి చేత తీయించాలో చెబుతుందేమో అనుకున్నాను.

"ఎవరేమన్నా అననీ మా, నువ్వు తీయాకు. ఉండనీ మెడలో," అని ఏడ్చింది.

అత్త మాట నేను కాదనలేదు. కానీ రెండు వారాల తర్వాత, ఒక పొద్దున టీ పెట్టుకుంటుంటే, ఎక్కడ లేని కోపం వచ్చింది. ఇది ఏం కాపాడింది? దీని కోసం ఆయనను ఒంటరిగా నీళ్ళల్లోకి పంపాను కదా, ఇది చేసిన పని ఏమిటి? కొక్కెం తిప్పాను, గొలుసు చేతిలోకి వచ్చేసింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. కెటిల్‌లో నీళ్ళు ఇంకా మరగలేదు. ఇంతేనా అనుకున్నాను. ఇంత సులువైన పనా ఇది అనుకుని, సింకు పట్టుకుని కూలబడి ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

పోయిన నెల ఒక ఆదివారం అమ్మాయి నన్ను పూల్‌కు లాక్కుపోయింది. ఇంట్లోనే కూర్చుంటున్నానని దాని బాధ. ఈత బ్యాగు అటక మీద నుంచి అదే దించింది. బట్టలు మార్చుకునే గదిలో స్విమ్‌సూట్ వేసుకుని, పట్టీ సరిచేసుకున్నాక, నా చేయి దానంతట అదే బ్యాగులోకి పోయి మూలలన్నీ వెతికింది. పిన్నీసు దొరికింది, కొంచెం తుప్పు పట్టి ఉంది. దాన్ని తెరిచి పట్టుకుని, ఎడమ చేత్తో మెడ దగ్గర తడుముకున్నాను. గుచ్చడానికి ఏమీ లేదు. పక్కన ఎవరో లాకరు మూసిన చప్పుడుకు తెలివి వచ్చి, పిన్నీసు మూసి మళ్ళీ బ్యాగులో వేశాను.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఎప్పుడూ ఆయన ఈదే లేన్‌లోకి దిగాను. అమ్మాయి పక్క లేన్‌లో అప్పటికే ఆ చివరికి పోయింది. ఊపిరి బిగబట్టి ముఖం నీళ్ళల్లో పెట్టి కళ్ళు తెరిచాను. అడుగున నీలం టైల్స్, ఎవరిదో ఊడిపోయిన బ్యాండేజీ ముక్క, అంతే. దిగినా బావా, అనుకున్నాను. నా కుడి చెయ్యి పక్కకు చాపి వెతికాను. లేన్ తాడు తగిలింది. దాన్నే పట్టుకుని, ఊపిరి చాలినంత వరకూ అట్లాగే ఉన్నాను.